హోటల్లో సిగరెట్: తగువు కస్టమర్లది, పొగ వెయిటర్‌ది

రెస్టారెంట్లలో, బార్లలో సిగరెట్ తాగడాన్ని నిషేధించాలా వద్దా అన్న మాట ఎక్కడ వచ్చినా మొదట వినపడే వాదన ఒకటే: "నచ్చకపోతే ఇంకో చోటికి వెళ్లండి, ఎవరు రమ్మన్నారు?" వినడానికి సబబుగానే ఉంటుంది. భోజనానికి వచ్చినవాడు గంటసేపు కూర్చుని లేచిపోతాడు. పక్క టేబుల్ పొగ మరీ ఇబ్బంది పెడితే మళ్లీ ఆ గడప తొక్కడు. అలా పోయే గిరాకీ ఎక్కువనిపిస్తే ఓనరే 'పొగతాగరాదు' అని బోర్డు పెట్టుకుంటాడు. మధ్యలో ప్రభుత్వానికి ఏం పని?

ఈ వాదనలో వచ్చిపోయేవాళ్లు ఉన్నారు, ఓనర్ ఉన్నాడు. ప్లేట్లు తెచ్చిపెట్టే మనిషి మాత్రం లేడు. నాకు తెలిసి ఈ తగువు దశాబ్దాల తరబడి తెగకపోవడానికి ప్రధాన కారణం ఇదే. దీన్ని తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ మధ్య గొడవగా చూసినంత కాలం ఇద్దరి మాటా సమానంగానే తూగుతుంది. రోజుకి ఎనిమిది పది గంటలు అదే గాలిలో పనిచేసేవాళ్లను లెక్కలోకి తెస్తే త్రాసు ఒక పక్కకి ఒరగడం మొదలవుతుంది.

కెనడాలోని ఒటావాలో హెదర్ క్రో అనే ఆవిడ దాదాపు 40 ఏళ్లు రెస్టారెంట్లలో వెయిట్రెస్‌గా పనిచేశారు. సిగరెట్ అలవాటు ఎప్పుడూ లేదు. 2002లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. ఒంటారియో కార్మిక పరిహార బోర్డు అది పనిచేసిన చోటి పొగ వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకుని పరిహారం మంజూరు చేసింది. ఆ తర్వాత ఆవిడ టీవీ ప్రకటనలో కనిపించి, దేశమంతా తిరిగి, పనిచేసే చోట పొగ ఉండకూడదని చెబుతూ వచ్చారు. ఒంటారియో రాష్ట్రమంతటా నిషేధం అమల్లోకి రావడానికి కొద్ది రోజుల ముందు, 2006 మేలో చనిపోయారు. నిజానికి ఒక్క మనిషికి వచ్చిన క్యాన్సర్‌కి కారణం ఫలానా అని వంద శాతం ఎవరూ చెప్పలేరు. పరిహార బోర్డులు తేల్చేది 'ఏది ఎక్కువ సంభవం' అన్నదే. అందుకే ఒక్కరి కథ దగ్గర ఆగకుండా లెక్కల్లోకి వెళ్లాలి.

ఫిల్టర్ ఎవరి నోటికి?

సిగరెట్ పొగ రెండు దారుల్లో గదిలోకి వస్తుంది. తాగేవాడు పీల్చి వదిలేది ఒకటి. దమ్ముకీ దమ్ముకీ మధ్య, వేళ్ల సందులోనో యాష్‌ట్రే అంచు మీదో సిగరెట్ తనంతట తాను కాలుతూ వదిలేది రెండోది. గదిలో పేరుకునే పొగలో సుమారు 85 శాతం ఈ రెండో రకమే. దమ్ము లాగినప్పుడు నిప్పు బాగా రాజుకుంటుంది. లాగనప్పుడు తక్కువ వేడిలో, పొగాకు సగం సగం కాలుతూ ఉంటుంది. అందువల్ల కొన్ని విష పదార్థాలు ఈ పక్క పొగలోనే ఎక్కువ. పైగా ఇది ఫిల్టర్ గుండా రాదు. ఫిల్టర్ వల్ల ఏదైనా ఉపకారం ఉంటే అది తాగేవాడికే, పక్కవాడికి లేదు.

పక్కవాళ్ల పొగ చికాకే కాదు, ప్రాణాంతకం కూడా కావచ్చన్న అనుమానానికి గట్టి ఆధారం 1981లో దొరికింది. తకేషి హిరయామా అనే జపాన్ పరిశోధకుడు సిగరెట్ తాగని 91,540 మంది వివాహితలను 14 ఏళ్ల పాటు గమనించి, ఫలితాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. భర్త ఎన్ని ఎక్కువ సిగరెట్లు తాగితే భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరుగుతోంది. బాగా తాగేవాళ్ల భార్యల్లో అది దాదాపు రెట్టింపు. పొగాకు కంపెనీలు ఈ అధ్యయనం మీద విరుచుకుపడ్డాయి. తర్వాత బయటపడ్డ కంపెనీల లోపలి కాగితాలను చూస్తే, పైకి తిట్టిపోస్తున్న సమయంలోనే వాళ్ల సొంత నిపుణుల్లో కొందరు హిరయామా చెప్పింది సరైనదేనని ఒప్పుకున్నట్టు తేలింది.

అక్కడి నుంచి ఆధారాలు పోగుపడుతూ వచ్చాయి. 1986లో అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి సర్జన్ జనరల్ నివేదిక, 1993లో అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ నివేదిక, 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ నివేదిక, 2006లో మళ్లీ సర్జన్ జనరల్ నివేదిక ఒకే దిశలో వేలు చూపించాయి. ఇతరుల పొగ పీల్చే వాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం, గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం ఎక్కువ.

ఈ శాతాల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే రెండు పక్షాలూ వీటితో ఆడుకుంటాయి. సిగరెట్ తాగని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం అసలే చాలా తక్కువ. ఆ తక్కువ మీద 20, 30 శాతం పెరిగినా ఒక మనిషి లెక్కలో అది చిన్నదే. నిషేధం కోరేవాళ్లు ఈ ముక్కను సాధారణంగా బయటికి చెప్పరు. గుండె జబ్బు సంగతి వేరు. అది అసలే ఎక్కువమందికి వచ్చేది, దాని మీద పాతిక శాతం అంటే ప్రాణాల లెక్కలో చాలా పెద్ద అంకె. పక్క పొగ వల్ల పోయే ప్రాణాల్లో పెద్ద వాటా గుండెదే, క్యాన్సర్‌ది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో పక్కవాళ్ల పొగ వల్ల ఏటా చనిపోయేవాళ్లు 10 లక్షలకు పైనే.

తాగేవాడు పీల్చే దాంట్లో పిసరంత కూడా పీల్చని మనిషికి గుండె ముప్పు అంత ఎలా పెరుగుతుందన్నది చాలామందికి వచ్చే సందేహం. మంచి సందేహమే. రక్తంలో గడ్డకట్టే కణాలు, ప్లేట్‌లెట్లు, కొద్దిపాటి పొగకే జిగురుగా మారతాయి. రక్తనాళాల లోపలి పొర కూడా అంతే త్వరగా బిగుసుకుంటుంది. ఈ మార్పు మోతాదుతో పాటు సమానంగా పెరగదు. మొదటి కొద్ది మోతాదుకే చాలా వరకు జరిగిపోతుంది, ఆపైన ఎంత పీల్చినా పెరుగుదల నెమ్మదిస్తుంది. రోజుకి డబ్బా సిగరెట్లు కాల్చే వాడికీ, వాడి పక్కన నిలబడి పనిచేసే వాడికీ గుండె ముప్పులో ఉండాల్సినంత తేడా లేకపోవడానికి కారణం ఇదే.

"ఈపీఏ నివేదికను కోర్టు కొట్టేసింది కదా" అన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది. 1998లో నార్త్ కరోలినాలో విలియం ఆస్టీన్ అనే ఫెడరల్ జడ్జి ఆ నివేదికలోని కీలక భాగాలను రద్దు చేసిన మాట నిజమే. 2002లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. అయితే అది సైన్సు సరైనదని తేల్చి కాదు, అసలు అలాంటి నివేదికను కోర్టు సమీక్షించే వీల్లేదన్న కారణంతో. కాబట్టి రెండు తీర్పుల్లో దేన్నీ సైన్సుకి సాక్ష్యంగా తెచ్చుకోలేం. 2003లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు భార్యాభర్తల మధ్య పొగకీ మరణాలకీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని రాసిన అధ్యయనం కూడా ఇలాగే తిరుగుతూ ఉంటుంది. దానికి కొంత డబ్బు పొగాకు పరిశ్రమ నుంచి వచ్చింది. అంతకంటే పెద్ద లోపం ఒకటుంది. అందులో లెక్కలోకి తీసుకున్న కాలంలో పొగ అన్నిచోట్లా ఉండేది. 'పొగ తగలనివాళ్లు' అనుకున్న గుంపుకి కూడా ఆఫీసుల్లో, బస్సుల్లో, హోటళ్లలో పొగ తగులుతూనే ఉంది. ఇద్దరూ వర్షంలో తడుస్తుంటే ఒకడికి మాత్రం గొడుగు లేదని రాసుకున్నట్టు ఉంటుంది ఆ పోలిక.

పనివాళ్ల మీద పొగ ప్రభావానికి నాకు అన్నిటికంటే నచ్చిన ఆధారం చాలా చిన్నది. కాలిఫోర్నియాలో రెస్టారెంట్లలో 1995 నుంచి, బార్లలో 1998 జనవరి 1 నుంచి నిషేధం వచ్చింది. బార్లలో నిషేధానికి ముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో 53 మంది బార్‌టెండర్లను పరీక్షిస్తే 39 మందికి దగ్గు, ఆయాసం, పిల్లికూతలు వంటి లక్షణాలున్నాయి. నిషేధం వచ్చిన కొద్ది వారాలకి మళ్లీ చూస్తే ఆ 39 మందిలో 23 మందికి అవి పోయాయి. ఊపిరి పట్టి వదిలే పరీక్షల్లో కూడా మెరుగుదల కనిపించింది. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే క్యాన్సర్ గురించిన ఊహ కాదిది. అవే బార్లు, అవే మనుషులు, మారింది గాలి ఒక్కటే.

అద్దం గోడ కట్టేస్తే సరిపోదా?

పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న పద్ధతిలో చాలా దేశాలు మొదట పట్టుకున్న మార్గం ఇది. పొగరాయుళ్లకి ఒక పక్క, మిగతావాళ్లకి ఒక పక్క. ఒకే హాల్లో గీత గీసి విడదీయడం వల్ల ఉపయోగం అంతంతమాత్రమేనని 1986 నాటి సర్జన్ జనరల్ నివేదికే చెప్పింది. గాలికి ఆ గీత తెలియదు. ఏసీ ఉన్న చోట అయితే మరీ అన్యాయం. కరెంటు ఆదా కోసం ఏసీ లోపలి గాలినే ఎక్కువగా మళ్లీ తిప్పి వదులుతుంది. ఆ మూల వదిలిన పొగను తీసుకెళ్లి ఈ మూల సమంగా పంచుతుంది.

మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెడితే? ఇక్కడి లెక్క సూటిగానే ఉంటుంది. గదిలోకి వచ్చే తాజా గాలిని రెట్టింపు చేస్తే పొగ సాంద్రత సగమవుతుంది. నూరో వంతుకి తేవాలంటే గాలి నూరు రెట్లు కావాలి. అప్పటికి టేబుల్ మీద కాగితం నిలవదు, ప్లేట్లో అన్నం చల్లారిపోతుంది. వాసన, మసక పోయాయి కాబట్టి గాలి బాగుపడిందని మనకి అనిపిస్తుంది గానీ, కంటికి కనపడని సన్నటి రేణువులు, వాయువులు ఉండనే ఉంటాయి. ఏసీ, వెంటిలేషన్ ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సంఘం ఆష్రే 2005లో ఇదే తేల్చింది. లోపల పొగ వల్ల వచ్చే ఆరోగ్య ముప్పును తొలగించాలంటే లోపల తాగకుండా చూడటం ఒక్కటే మార్గమంది. యంత్రాలు అమ్ముకునే రంగానికి చెందిన ఇంజినీర్లే యంత్రం పనిచేయదని చెబితే ఇంకా ఎవరిని అడుగుతాం?

సరే, నాలుగు వైపులా గోడలు కట్టి, తలుపు తనంతట తాను మూసుకునేలా చేసి, గాలి నేరుగా బయటికి పోయేలా పెడితే మిగతా హాలుకి పొగ చాలా వరకు రాదు. తలుపు తీసినప్పుడల్లా కొంత వస్తుంది, పోనివ్వండి. అసలు ముడి వేరే ఉంది. ఆ గదిలోకి గ్లాసులు ఎవరు తీసుకెళ్లాలి? యాష్‌ట్రేలు ఎవరు దులపాలి? అద్దం గోడ కస్టమర్‌ను కస్టమర్ నుంచి కాపాడుతుంది. అత్యధికంగా పొగ పీల్చే మనిషిని ఆ పొగ మరింత చిక్కగా ఉన్న గదిలోకి పంపుతుంది. భారతదేశపు 2003 చట్టం 30 గదులకు తగ్గని హోటళ్లకి, 30 మందికి తగ్గకుండా కూర్చునే రెస్టారెంట్లకి విడిగా పొగ గది పెట్టుకునే వీలిచ్చింది. ఆ గదిలో ఎలాంటి సర్వీసూ ఉండకూడదని తర్వాత నిబంధనల్లో చేర్చాల్సి వచ్చింది. ఈ ముడి తగిలే అలా చేర్చారనుకోవాలి.

మినహాయింపులు ఎవరికి ఇచ్చారో చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. భారత చట్టం పెద్ద హోటళ్లకి వెసులుబాటు ఇస్తే, స్పెయిన్ 2006లో దానికి పూర్తిగా తిరగేసి 100 చదరపు మీటర్ల లోపు చిన్న బార్లను ఓనర్ ఇష్టానికి వదిలేసింది. పెద్దవాళ్లు మాత్రం విడి గదులు కట్టుకోవాలంది. చిన్నవాళ్లలో అత్యధికులు 'ఇక్కడ తాగొచ్చు' అనే బోర్డే పెట్టారు. డబ్బు పోసి అద్దాల గదులు కట్టించిన పెద్దవాళ్లకి 2011 జనవరిలో పిడుగులాంటి వార్త వచ్చింది. లోపల ఎక్కడా తాగకూడదు, విడి గదులు కూడా చెల్లవు. కట్టించిన ఖర్చు ఎవరిస్తారని వాళ్లు అడిగారంటే తప్పు పట్టలేం. సగం నిషేధాల వల్ల ఎక్కువ నష్టపోయింది చట్టాన్ని నమ్మి డబ్బు ఖర్చుపెట్టినవాళ్లే.

జర్మనీలో ఇది రాజ్యాంగ కోర్టు దాకా వెళ్లింది. కొన్ని రాష్ట్రాలు పెద్ద పబ్బులకి పొగ గదులు అనుమతించాయి. ఒకే గది ఉన్న చిన్న పబ్బుకి గోడ కట్టుకునే చోటే లేదు, కాబట్టి వాళ్లకి పూర్తి నిషేధమే మిగిలింది. ఇది చిన్నవాళ్లకి అన్యాయమని 2008 జులైలో కోర్టు తేల్చింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ఎవరికీ మినహాయింపు లేకుండా పూర్తిగా నిషేధిస్తే రాజ్యాంగపరంగా ఏ అభ్యంతరమూ లేదు. బవేరియా రాష్ట్రంలో 2010లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 61 శాతం మంది పూర్తి నిషేధానికే ఓటేశారు. ఆస్ట్రియా కథ మరీ సాగింది. 2018లో రావాల్సిన పూర్తి నిషేధాన్ని కొత్త సంకీర్ణ ప్రభుత్వం అటకెక్కించింది. లక్షల మంది సంతకాలు పెట్టి పిటిషన్ ఇచ్చినా వినలేదు. ఆ ప్రభుత్వం కూలిపోయాక, 2019 నవంబర్ 1న గానీ నిషేధం రాలేదు. దేశం పేరు మారుతుంది గానీ నడక అదే: సగం చట్టం, దాని చుట్టూ కోర్టు కేసులు, చివరికి పూర్తి చట్టం. 2004 మార్చి 29న పబ్బులతో సహా ఒక్కసారే తలుపులు మూసేసిన ఐర్లాండ్ మాత్రం ఈ గోలంతా తప్పించుకుంది.

"నా హోటల్, నా ఇష్టం"

దీన్ని కొట్టిపారేసేవాళ్లు సాధారణంగా బలహీనమైన రూపంలోనే చెప్పి కొట్టిపారేస్తారు. బలమైన రూపం ఇది: రెస్టారెంట్ ప్రభుత్వ ఆఫీసు కాదు, ఒకరి సొంత ఆస్తి. అందులోకి ఎవరినీ బలవంతంగా లాక్కురారు. పొగ ఉంటుందని తలుపు మీదే రాసి ఉంటే, తెలిసి వచ్చినవాళ్లు తెలిసే వచ్చారు. పనివాళ్లు కూడా అంతే. గనుల్లో, ఎత్తైన కట్టడాల మీద పనిచేసేవాళ్లు ముప్పు తెలిసే ఎక్కువ జీతానికి ఒప్పుకుంటారు కదా.

జీతం మాట నిజమైతే వాదన నిలబడేది. పొగ ఉన్న బార్లో పనిచేసేవాళ్లకి 'పొగ భత్యం' ఇచ్చిన ఓనర్ గురించి నేనైతే వినలేదు. ఈ రంగంలో జీతాలు తక్కువ, టిప్పుల మీద బతుకు, మానేస్తే ఆ చోటు కోసం బయట పదిమంది కాచుకుని ఉంటారు. ఆ పరిస్థితిలో 'ఒప్పుకున్నాడు' అనే మాటకి బరువు తక్కువ. గని ఓనర్‌కి కూడా దుమ్ము తగ్గించాలన్న నిబంధనలు వర్తిస్తాయి. హోటల్ సొంతదైనా వంటగది శుభ్రతకి తనిఖీ ఉంటుంది, అగ్నిప్రమాద ద్వారం తప్పనిసరి. వీటిని ఆస్తి హక్కు మీద దాడిగా ఎవరూ చూడరు. పొగ దగ్గరికి వచ్చేసరికే ఆస్తి హక్కు గుర్తుకు రావడం అలవాటు బలం అనిపిస్తుంది.

అయితే ఒక్క చోట ఓనర్ వాదన గెలుస్తుందని ఒప్పుకోవాలి. జీతగాళ్లెవరూ లేకుండా ఓనరే నడుపుకునే చిన్న బార్, వచ్చేవాళ్లంతా సిగరెట్ తాగేవాళ్లే. అక్కడ కాపాడాల్సిన కార్మికుడు లేడు. నెదర్లాండ్స్ సరిగ్గా ఇలాంటి చోట్లకే, 70 చదరపు మీటర్ల లోపు ఉంటే, మినహాయింపు ఇచ్చింది. 2014లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2005 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందంలోని ఎనిమిదో అధికరణం పొగ నుంచి రక్షణ అందరికీ ఇవ్వాలంటుంది, అందులో అలాంటి సందు లేదు అని. చట్టపరంగా సరైనదే కావచ్చు. నాకు మాత్రం పూర్తి నిషేధం తర్కం అన్నిటికంటే పల్చబడేది ఇక్కడే అనిపిస్తుంది.

మార్కెట్ తనంతట తాను ఎందుకు సర్దుకోలేదన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. సిగరెట్ తాగనివాళ్లు ఎక్కువమంది ఉన్న దేశాల్లో కూడా చట్టం రాకముందు పొగలేని బార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. దీనికి ఒక వివరణ మన స్నేహబృందాల్లోనే ఉంది. ఆరుగురు కలిసి బయల్దేరితే, అందులో ఒక్కడు తాగేవాడైనా బృందమంతా తాగనిచ్చే చోటికే పోతుంది. మిగతా అయిదుగురు సర్దుకుంటారు, ఆ ఒక్కడు సర్దుకోడు. ఓనర్‌కి కనపడేది ఆరుగురి బిల్లు. కాబట్టి ముందుగా నిషేధం పెట్టినవాడే నష్టపోతాడన్న భయం ప్రతి ఒక్కరికీ ఉంటుంది, అందరికీ ఒకేసారి పెడితే ఆ భయానికి చోటుండదు.

గిరాకీ నిజంగా పడిపోయిందా?

1987లో కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్ నగరం రెస్టారెంట్లలో సిగరెట్‌ని నిషేధించింది. వ్యాపారం 30 శాతం పడిపోయిందని స్థానిక రెస్టారెంట్ల సంఘం గగ్గోలు పెట్టింది, కొద్ది నెలల్లోనే నగరం వెనక్కి తగ్గింది. తర్వాత అమ్మకపు పన్ను లెక్కలు తీసి చూస్తే అంత పతనం ఏమీ లేదు. ఆ సంఘం పుట్టుక వెనక పొగాకు పరిశ్రమ ఉన్న సంగతి కూడా ఆ తర్వాతే బయటికొచ్చింది. ఆ 30 శాతం అంకె మాత్రం ఆ తర్వాత కూడా ఊరూరా తిరిగింది.

ఓనర్లని అడిగితే నష్టమంటారు, పన్ను రికార్డుల్ని అడిగితే లేదంటాయి. ఈ విషయం మీద వచ్చిన 97 అధ్యయనాలను 2003లో ఒక సమీక్ష జల్లెడ పట్టింది. పద్ధతిగా చేసినవన్నీ నష్టం లేదనో, కాస్త లాభమనో చెప్పాయి. నష్టమని చెప్పినవి ఎక్కువగా పొగాకు పరిశ్రమ డబ్బుతో వచ్చినవి, లేదా ఓనర్ల అభిప్రాయాలు అడిగి రాసినవి. న్యూయార్క్ నగరం 2003లో నిషేధం పెట్టిన ఏడాదికి చూసుకుంటే రెస్టారెంట్లు, బార్ల నుంచి వచ్చిన పన్ను 8.7 శాతం పెరిగింది. ఈ అంకెను కూడా జాగ్రత్తగానే వాడాలి. 2001 సెప్టెంబర్ 11 ఉగ్రవాద దాడుల తర్వాత కుంగిపోయిన నగరం అప్పుడే కోలుకుంటోంది, పెరుగుదలంతా నిషేధం పుణ్యమే అనలేం. పెరిగిందని కాక, కూలిపోలేదని మాత్రమే చెప్పగలం.

సగటు లెక్క అందరి కథా చెప్పదు. భోజనం ప్రధానమైన చోట్లకి పెద్దగా తేడా రాలేదు. మందు, సిగరెట్ తప్ప మూడోది లేని చిన్న పబ్బులకి దెబ్బ తగిలింది. ఇంగ్లండ్‌లో 2007 జులైలో నిషేధం వచ్చాక మూతపడిన పబ్బుల నింద దాని మీదే వేస్తారు గానీ, మరుసటి ఏడాదే వచ్చిన ఆర్థిక మాంద్యం, సూపర్‌మార్కెట్లలో చవకగా దొరికే మందు, పెరిగిన పన్నులు కలిసే ఆ పని చేశాయి. వీటిలో ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం. క్యాసినోల నష్టం మాత్రం స్పష్టంగా కనిపించింది. ఇల్లినాయ్ రాష్ట్రం 2008లో నిషేధం పెట్టాక అక్కడి క్యాసినోల రాబడి 20 శాతానికి పైగా పడిపోయిందని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ సెయింట్ లూయిస్ శాఖ ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. పక్క రాష్ట్రాల్లో తాగనిచ్చే క్యాసినోలున్నాయి మరి. సరిహద్దు దాటితే తాగొచ్చన్న చోట ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక జిల్లాలో నిషేధం పెడితే జనం కారెక్కి పక్క జిల్లా బార్లకి వెళ్లి, మందు తాగి వాహనం నడుపుతూ తిరిగి రావడం వల్ల ప్రమాదాలు పెరిగాయని 2008లో అమెరికాలో ఒక అధ్యయనం చూపింది. ముక్కలు ముక్కలుగా పెట్టే నిషేధానికి ఎవరూ ఊహించని ఖర్చు ఇది.

గుండెపోట్లు 40 శాతం తగ్గాయా?

నిషేధం కోరేవాళ్ల అతిశయోక్తుల్లో అగ్రతాంబూలం దీనికే. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో హెలెనా అనే చిన్న నగరం 2002లో ఆరు నెలలు నిషేధం అమలుచేసింది. ఆ ఆరు నెలల్లో ఆసుపత్రికి వచ్చిన గుండెపోటు కేసులు 40 శాతం తగ్గాయని 2004లో వచ్చిన అధ్యయనం ప్రపంచమంతా మారుమోగింది. లోపలికి చూస్తే అంకెలు ఇవి: మిగతా సంవత్సరాల్లో అవే నెలల్లో సగటున 40 కేసులు, ఆ ఏడాది 24. అంత చిన్న అంకెలు కాకతాళీయంగా కూడా అటూ ఇటూ ఊగుతాయి. ఊరు పెద్దదయ్యే కొద్దీ తగ్గుదల చిన్నదవుతూ వచ్చింది. స్కాట్లండ్‌లో 17 శాతమన్నారు. ఇంగ్లండ్ మొత్తాన్ని లెక్కగడితే 2.4 శాతం వచ్చింది. అమెరికా అంతటినీ తీసుకున్న ఒక పెద్ద అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడాయే కనపడలేదు. ఇంగ్లండ్‌లో చట్టం రాకముందే చాలా ఆఫీసులు పొగ మానేశాయి, కొత్తగా తగ్గడానికి మిగిలింది కొంచెమే. ఆ 2.4 శాతమంటే మొదటి ఏడాదిలోనే 1,200 అత్యవసర కేసులు. ఇదే చిన్న విషయం కాదు, మరి 40 అని ఎందుకు అరవాలి? అబద్ధంలా వినపడే నిజం, నిజాన్నే దెబ్బతీస్తుంది.

బయట ఆపితే ఇళ్లలో తాగుతారు, పిల్లలకి ముప్పు అన్న భయం కూడా ఉత్తదేం కాదు. అమెరికా గణాంకాలతో 2010లో ఇద్దరు ఆర్థికవేత్తలు బార్లలో నిషేధం వల్ల చిన్నపిల్లల శరీరంలో పొగ ఆనవాళ్లు పెరిగాయని చూపారు. స్కాట్లండ్‌లో మాత్రం దీనికి విరుద్ధంగా జరిగింది. 11 ఏళ్ల ప్రాంతపు పిల్లల లాలాజలంలో కోటినైన్, అంటే నికోటిన్ విరిగి ఏర్పడే పదార్థం, చట్టం తర్వాత సగటున 39 శాతం తగ్గింది. బయట తాగకూడదన్న అలవాటు ఇంట్లోకి కూడా పాకినట్టుంది. రెండు ఫలితాలూ నిజమై ఉండొచ్చు. ఇంట్లో తాగడం ఎంత సిగ్గుచేటుగా చూస్తారన్న దాన్ని బట్టి ఏ ఊరు ఎటు వెళ్తుందో తేలుతుంది.

అమలు గురించి అనుకున్నంత రగడ ఎక్కడా జరగలేదు. ప్రతి టేబుల్ దగ్గరా పోలీసు నిలబడలేడు కదా అన్నారు. చాలా చట్టాలు తాగినవాడితో పాటు తాగనిచ్చిన ఓనర్ మీద కూడా జరిమానా పెట్టాయి, ఓనర్‌కి లైసెన్స్ భయం ఉంటుంది. పక్క టేబుల్ వాళ్లకి అడిగే హక్కు వచ్చింది. పబ్బుల దేశం ఐర్లాండ్‌లోనే మొదటి ఏడాది తనిఖీల్లో 90 శాతానికి పైగా చోట్ల చట్టం పాటిస్తూ కనిపించారు. చట్టంలో మినహాయింపులు తక్కువైతే వాదించే సందులూ తక్కువే.

ఇప్పుడు తగువు గుమ్మం దాటి బయటికి వచ్చింది. న్యూయార్క్ 2011లో పార్కుల్లో, బీచ్‌ల్లో కూడా సిగరెట్ ఆపింది. బ్రిటన్ ప్రభుత్వం 2024లో పబ్బుల పెరడుల్లో కూడా ఆపాలని ఆలోచించి, వ్యాపారులు గోల పెట్టడంతో నవంబర్ నాటికి ఆ ఆలోచన మానుకుంది. ఆరుబయట పొగను కొలిచిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2007లో చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. తాగేవాడికి అర మీటరు దూరంలో పొగ మోతాదు లోపలి గదితో పోటీపడగలదు, రెండు మీటర్లు దాటితే దాదాపు కనపడదు, సిగరెట్ ఆర్పగానే మాయమవుతుంది. దీని ప్రకారం పార్కు బెంచీకి, కిక్కిరిసిన టెర్రస్ హోటల్‌కి ఒకే చట్టం సరిపోదు. టెర్రస్ మీద టేబుళ్ల మధ్య రెండు మీటర్ల ఎడం ఉండదు, అక్కడ కూడా ఆర్డర్ తీసుకునే మనిషి ఉంటాడు. ఖాళీ పార్కులో మూల కూర్చుని తాగేవాడిని ఆపడానికి చెప్పే కారణాలు పొగ గురించి కావు. పిల్లలు చూసి నేర్చుకుంటారని, సిగరెట్ పీకలు నేలమీద పడేస్తారని అంటారు. అవి కూడా కారణాలే కావచ్చు, కానీ పక్కవాడి ఊపిరి పేరు చెప్పి వాటిని అమ్మకూడదు.

ఈ-సిగరెట్ల దగ్గర ఇదే ఇబ్బంది ఇంకాస్త ముదురుతుంది. అది తనంతట తాను కాలుతూ పొగ వదలదు, తాగేవాడు వదిలిందే గాలిలోకి వస్తుంది. అందులోనూ నికోటిన్, సన్నటి రేణువులు ఉంటాయి గానీ మోతాదు సిగరెట్ కంటే బాగా తక్కువ. హోటల్లో దాన్ని ఆపాలనుకుంటే సిగరెట్ మీద పోగైన ఆధారాలను అప్పు తెచ్చుకోవడం కుదరదు. దూరం నుంచి చూసేవాడికి ఏది సిగరెట్టో ఏది కాదో తెలియదు, ఒకదాన్ని వదిలేస్తే రెండోదాన్ని ఆపడం కష్టం అన్న కారణంతో చాలా చోట్ల రెండిటినీ ఒకే గాటన కట్టారు. అమలు చేసేవాడి సౌకర్యం కోసం పెట్టిన నియమమది, సౌకర్యం కోసమేనని చెప్పి పెడితే నాకైతే అభ్యంతరం లేదు.